చుట్టానికి పెట్టని ముద్ద

అనంతపురం జిల్లాకు ఎందుకు వెళ్లావని మా తెనాలిలో నన్ను అడగనివాళ్లు లేరు. రాగిసంగటి తినడానికి అంటే నమ్మినవాళ్లూ లేరు. కోటలు చూడటానికి వెళ్లి ఉంటావు, గుళ్లు చూడటానికి వెళ్లి ఉంటావు, మా దగ్గర దాస్తున్నావు అన్నారు. దాచడానికి ఏముంది? కడుపే కైలాసం అనుకునే మనిషిని. ఉన్నమాట చెప్పాను, నమ్మకపోతే వాళ్ల ఖర్మ.

అసలు ఇదంతా రైల్లో మొదలైంది. ఆ ముందటేడు తిరుపతి నుంచి వస్తుంటే ఎదురుగా ఇద్దరు అనంతపురం వైపు ఆడవాళ్లు కూర్చున్నారు. మధ్యాహ్నానికి తెల్లగుడ్డ మూట విప్పారు. లోపల కొబ్బరికాయంత నల్లటి ముద్ద, పక్కన ఎర్రటి పచ్చడి. వెల్లుల్లి, వేయించిన వేరుశనగ గింజలు, చింతపండు కలిసిన వాసన. నా నోట్లో నీళ్లూరాయి. సిగ్గు విడిచి, "కాస్త రుచి చూడనిస్తారా?" అన్నాను. వాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇది మీరు తినేది గాదులేమ్మా," అని పెద్దామె నా చేతిలో ఒక అరటిపండు పెట్టింది.

నా నోటికి ఏది తగునో ఏది తగదో ఇంకొకరు చెప్పడమా! ఆ అరటిపండు తిన్నాను గానీ ఉక్రోషం తీరలేదు. ఎప్పటికైనా వాళ్ల ఊరికే వెళ్లి, వాళ్ల మధ్యే కూర్చుని ఆ ముద్ద తినాలని అప్పుడే అనుకున్నాను.

మావారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పాసు ఉంది, మోకాళ్ల నొప్పీ ఉంది. "పాసు నువ్వు వాడుకో, నొప్పి నేను వాడుకుంటా," అన్నారు. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయింది. కార్తీకం వెళ్లాక ఒక సంచీ సర్దుకుని బయలుదేరాను.

గుంతకల్లు

గుంతకల్లులో రైలు దిగితే ఊరంతా రైల్వేవాళ్లే అనిపిస్తుంది. మావారితో కలిసి పనిచేసిన నాగరాజుగారు స్టేషనుకు వచ్చి, ఇంటికి తీసుకెళ్లకముందే ఎదురుగా ఉన్న చిన్న హోటలుకు తీసుకెళ్లారు. "ఉగ్గాని తినకుండ గుంతకల్లు చూసినట్లు గాదమ్మా," అన్నారు.

ఉగ్గాని అంటే మరమరాల ఉప్మా. మరమరాల్ని ఇక్కడ బొరుగులంటారు. నీళ్లలో తడిపి, పిండేసి, పసుపూ పోపూ పెట్టి, పుట్నాల పొడి చల్లుతారు. దాంతోపాటు రెండు మిరపకాయ బజ్జీలు తప్పనిసరి. మా వైపు మరమరాలంటే సాయంత్రం పిల్లలు జేబులో పోసుకునేవి. ఇక్కడ అది పొద్దుటి టిఫిను. ప్లేటు ఐదు రూపాయలు. మొదటి ముద్దకే కళ్లు మూతపడ్డాయి, బజ్జీ కొరికేసరికి తెరుచుకున్నాయి.

వడ్డించే అతను నా పక్కకు వచ్చి, "అక్కా, ఎర్రగడ్డ కావల్నా?" అన్నాడు.

నాకు చురుక్కుమంది. ఎర్రగడ్డ అంటే మా అందరికీ తెలిసింది ఒకటే, హైదరాబాదులో పిచ్చాసుపత్రి ఉన్న పేట. టిఫిను కళ్లు మూసుకుని తిన్నంత మాత్రాన అంత మాట అంటాడా! "నీకే కావాలేమో చూసుకో నాయనా," అన్నాను గట్టిగా. అతను బిత్తరపోయి చేతిలో ఉన్న గిన్నె చూపించాడు. తరిగిన ఉల్లిపాయ ముక్కలు. నాగరాజుగారు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు. ఇక్కడ ఉల్లిపాయే ఎర్రగడ్డ. సిగ్గుపడి ఇంకో గుప్పెడు వేయించుకున్నాను.

మధ్యాహ్నం నాగరాజుగారి భార్య ఈశ్వరమ్మ భోజనానికి పిలిచింది. తెల్లటి అన్నం, పప్పు, వంకాయ కూర, అప్పడాలు. బాగున్నాయి. కానీ వంటింట్లోంచి నాకు రైల్లో తెలిసిన వాసన వస్తోంది. నాగరాజుగారు కనిపించలేదు. చెయ్యి కడుక్కునే నెపంతో వంటింట్లోకి తొంగిచూశాను. ఆయన పీట మీద కూర్చుని పళ్లెంలో నల్లటి ముద్ద పెట్టుకుని, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తింటున్నారు.

"ఈశ్వరమ్మా, ఇదేం న్యాయం? నేను దానికోసమే కదా ఇంతదూరం వచ్చింది!"

ఆమె తలుపు దగ్గరికి వేసింది. "అయ్యో, చుట్టాలకు సంగటి పెడతారా అమ్మా ఎవరన్నా? ఊర్లో తెలిస్తే నగుతారు. మేము చిన్నగా ఉన్నప్పుడు పండక్కి, చుట్టమొస్తే, ఆ రెండు తూర్లే వరన్నం. మా నాయన అయితే బియ్యం లేని దినం చుట్టమొస్తే ఊరంతా తిరిగి అడుక్కొచ్చేవాడు. మీకు సంగటి పెట్టి పంపిస్తే నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

మా తెనాలిలో అన్నం అనేది లెక్కలోకే రాదు. చుట్టం వస్తే గారెలు వండావా, పులిహోర కలిపావా అంటారు గానీ అన్నం వండావా అని ఎవరడుగుతారు? అన్నమే మర్యాద అయిన చోటికి నేను వచ్చి పడ్డాను. ఆకులో ఉన్న మర్యాదంతా తిన్నాను. సంగటి మాత్రం దొరకలేదు.

రాయదుర్గం

చుట్టంగా వెళితే లాభం లేదని తెలిసింది కనుక రాయదుర్గంలో ఎవరి ఇంటికీ వెళ్లలేదు. దుడ్లిచ్చి తిందాం, దుడ్ల దగ్గర మర్యాదేముంది అనుకున్నాను. దుడ్లు అంటే డబ్బులు. కర్ణాటక పక్కనే ఉంది కదా, కన్నడం మాటలు ఉప్పులా కలిసిపోయాయి.

ఈ ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా కుట్టు మిషన్ల చప్పుడే. అరుగుల మీద నీలం జీన్సు ప్యాంట్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. కుట్టేవాళ్లు, బొత్తాలు వేసేవాళ్లు, దారాలు కత్తిరించేవాళ్లు ఒంటిగంటకల్లా బజారు హోటలు మీద పడ్డారు. నేనూ వాళ్ల మధ్య దూరి కూర్చున్నాను. నిమ్మకాయ పిండిన చిత్రాన్నం తిన్నాను. ఓళిగ తిన్నాను. ఓళిగ అంటే మన బొబ్బట్టే, కానీ అప్పడమంత పలచన. మడిచి నెయ్యి పోసి ఇచ్చాడు. మా బొబ్బట్టు ఒకటి తింటే నిద్రొస్తుంది. ఇవి నాలుగు తిన్నా మెలకువగానే ఉన్నాను.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆసామి నా తిండి చూసి ముచ్చటపడి, "ఇంకేం కావల్లమ్మా?" అన్నాడు.

"సంగటి ఉందా?"

అతని నవ్వు మాయమైంది. "సంగటా! మా హోటలు ఏమనుకున్నావమ్మా? సంగటి ఇంట్లో తినేది గానీ అంగట్లో తినేదా? దుడ్లిచ్చి సంగటెవరు తింటారు?"

"నేనిస్తానుగా."

"నువ్విస్తావు. నువ్వు పోయినాంక నా హోటలు సంగటి హోటలంటారు."

"ఇదేం తిరకాసయ్యా! చుట్టంగా వెళితే పెట్టరు, కొంటానంటే అమ్మరు. మరెట్లా తినేది?"

పక్క బల్ల దగ్గర ప్యాంట్లు కుట్టే అతను నోట్లో అన్నంతోనే అందుకున్నాడు. "ఈ సీమకు కోడలుగా రావల్లమ్మా. కోడలికైతే మూడు పూటలా సంగటే."

హోటలంతా నవ్వింది, నేనూ నవ్వాను. యాభై దాటాక ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది నాయనా అన్నాను. గల్లాపెట్టె ఆసామి కోపం మరిచి నాకు ఇంకో ఓళిగ ఊరికే ఇచ్చాడు.

కళ్యాణదుర్గం దాటిన బస్సులో

రాయదుర్గం నుంచి అనంతపురం బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే కనుచూపుమేర ఎర్రనేల. వేరుశనగ చేలు జానెడు ఎత్తున ఎండి ఉన్నాయి. వాటిని ఇక్కడ చెనిక్కాయ అంటారు. కాయ కోసం కాదు, పశువుల మేతకైనా పనికొస్తుందని పీకుతున్నారు. మా డెల్టాలో కాలవకు నీళ్లు వారం ఆలస్యమైతే రాస్తారోకో చేస్తాం. ఇక్కడివాళ్లు ఆకాశం వైపు కూడా చూడటం మానేసినట్టున్నారు.

కళ్యాణదుర్గంలో ఒకావిడ పిండి మూటతో ఎక్కి తిన్నగా నా కాలి మీద పెట్టింది.

"అమ్మో, కాలు!"

"కాలు తీయక్కా, రాగిపిండికి చోటియ్యి," అంది. క్షమించమనడం లాంటివి ఏమీ లేవు. చంకలో ఒక పొడుగాటి చెక్క తెడ్డు. దాని కొస పక్కవాడి చెవికి తగులుతుంటే వాడే తల వంచుకున్నాడు.

రాగిపిండి అనే మాట వినగానే నా కాలి నొప్పి పోయింది. మాటలు కలిపాను. ఆమె పేరు సుంకమ్మ. బత్తలపల్లె పక్కన చిన్న పల్లె. పుట్టింటి రాగులు బాగుంటాయని కళ్యాణదుర్గం వచ్చి పిండి పట్టించుకుని వెళుతోంది.

"ఇంత పిండి ఎవరికి? పెళ్లా?"

"పెండ్లి గాదక్కా, రుచుల పండగ. రేపట్నుంచి మూడు దినాలు అనంతపురంలో కాలేజీ గ్రౌండులో. మా పొదుపు సంఘానికి ఒక అంగడి ఇచ్చినారు. నేను సంగటి చేస్తానన్యా. మా లీడరు పద్మావతక్క వద్దనె. సంగటెవరు తింటారే, గోబీ మంచూరియా పెడదాం అనె. కొట్లాడి ఒక్క దినం అడుక్కున్నా. రేపు సంగటి మిగిలిందా, ఎల్లుండి నుంచి గోబీనే."

"పోనీ, గోబీ చేస్తే నీకొచ్చే నష్టమేముంది?"

ఆమె నన్ను తేరిపార చూసింది. "బాగా జరిగిన అంగడి వాళ్లకు ఆఫీసుల కాడ క్యాంటీను రూము ఇస్తామన్నారు. గోబీ అంగళ్లు ఆడ పది ఉంటాయి, మాకెందుకిస్తారు? సంగటైతే మాదొకటే. రూమొస్తే నేనూ మా ఆయనా ఈడ్నే బతుకుతాం. రాకుంటే నెల తిరిగే లోపల బెంగుళూరికి పోవల్ల, బిల్డింగు పనికి. పోయినేడు పోయినాం. రేకుల షెడ్డులో ఎండకు కాగి, వానకు తడిసి వచ్చినాం. ఈ ఏడూ చెనిక్కాయ పోయె. నాకైతే మళ్లా ఆ షెడ్డులోకి పోయేదానికి మనసొప్పదక్కా."

రైల్లో అరటిపండు దగ్గర మొదలైన నా ఉక్రోషం ఆమె ముందు చాలా చిన్నదిగా కనబడింది. నేను రేపు వస్తాను, నీ సంగటి తింటాను అన్నాను.

"రా అక్కా. ఒక్కదానివైనా ఉంటావు," అంది సుంకమ్మ.

అనంతపురం

మర్నాడు మధ్యాహ్నానికి మైదానం కిటకిటలాడుతోంది. రంగుల గుడారాలు, మైకులో పాటలు. వేదిక మీద ఖద్దరు చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన సీమ రుచుల గొప్పతనం గురించి మాట్లాడుతున్నాడు. రాగి బలం, కొర్ర బలం, మన తాతల బలం. చప్పట్లు బాగానే పడ్డాయి. కొట్టినవాళ్లంతా లేచి తిన్నగా నూడుల్సు దగ్గరికి వెళ్లారు.

నేను దారిలో ఆగకుండా ఉండలేకపోయాను. గుంతపొంగనాలు తిన్నాను. గోంగూర పచ్చడి అడిగితే వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. పుంటికూర అన్నాక ఆకు నిండా వేశారు. అలసంద వడలు తిన్నాను. అప్పుడు సుంకమ్మ గుర్తొచ్చి నాలుక కరుచుకుని పరుగెత్తాను.

చివరి వరసలో ఉంది వాళ్ల గుడారం. గుండిగ నిండా సంగటి పొగలు కక్కుతోంది. పక్కన రోట్లో రుబ్బిన ఊరిబిండి, అదే రైల్లో చూసిన ఎర్రటి వేరుశనగ పచ్చడి. నెయ్యి, నాటుకోడి పులుసు. బల్ల ముందు మనిషి లేడు. జనం వస్తున్నారు, వాసనకు ముక్కు ఎగబీలుస్తున్నారు, చుట్టూ చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. నేను చూస్తుండగానే ఆఫీసు ఉద్యోగిలా ఉన్న ఒకాయన వచ్చి, గొంతు తగ్గించి, "పార్సిలిస్తారా? పేపరు రెండు చుట్లు చుట్టమ్మా," అని తీసుకుని సంచీ అడుగున పెట్టుకుని పోయాడు.

"దొంగసారా కొన్నట్ల కొంటాండారక్కా," అంది సుంకమ్మ. నవ్వుతూనే అంది గానీ కళ్లల్లో నీళ్లున్నాయి.

పక్కన కుర్చీలో పట్టుచీర కట్టుకుని పద్మావతమ్మ విసనకర్ర ఊపుకుంటోంది. "నేను ముందే చెప్తి. తెలిసినోళ్లు చూస్తారని సిగ్గప్పా జనానికి. మా ఇంట్లో సంగటి మానేసి పదేండ్లాయె. రేపు కోసుగడ్డలు తెప్పిస్తా." కోసుగడ్డ అంటే క్యాబేజీ అని తర్వాత తెలిసింది. గోబీ మంచూరియా అని అమ్మేది క్యాబేజీతోనట!

నాకు ఒళ్లు మండింది. బల్లని గుడారం లోపలి నుంచి బయటికి, నలుగురూ నడిచే దారిలోకి లాక్కున్నాను. ఆకు పరిచి కూర్చున్నాను.

"సుంకమ్మా, రెండు ముద్దలు పెట్టు."

"రెండా అక్కా?" అంది కళ్లు పెద్దవి చేసి.

ఈవిడ మరీ మొహమాటపెడుతోందే అనుకున్నాను. "రెండంటే రెండే. అంతకంటే వద్దు."

మా తెనాలిలో ఎవరింటికైనా వెళితే, రెండు ముద్దలు తిని వెళ్లు అంటారు. రెండు ముద్దలంటే నోట్లోకి రెండుసార్లు, ఏదో కాస్త అని. రైల్లో చూసిన కొబ్బరికాయంత ముద్ద ఆ ఇద్దరికీ కలిపి అనుకున్నాను. పైగా అప్పటికే నా కడుపులో పొంగనాలూ వడలూ ఉన్నాయి. సుంకమ్మ చెయ్యి తడిచేసుకుని, గుండిగలోంచి తీసి, గుండ్రంగా చేసి నా ఆకులో దింపింది. మా ఇంటి మరచెంబంత ఉంది. దాని పక్కన ఇంకొకటి దింపింది. ఇక్కడ ముద్ద అంటే మాట కాదు, కొలత. కష్టం చేసే మగవాడు ఒకటి తింటే సాయంత్రం దాకా ఆకలనడు.

"ఓయమ్మా, రెండు పెట్టించుకున్యాదే!" అన్నారు దారిన పోయేవాళ్లెవరో. నలుగురు ఆగారు. వద్దని వెనక్కి ఇద్దామంటే సుంకమ్మ చేసిన మొదటి వడ్డన అది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కానివ్వమని ఒక పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకుని నమిలాను.

నమలగూడదని నాకేం తెలుసు? అది పైపళ్లకూ కిందిపళ్లకూ బంకలా అతుక్కుంది. ఇంకా గట్టిగా నమిలాను. పోయినేడు కట్టించుకున్న పన్ను కదిలింది. చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు తేలేసి, దవడ అటూ ఇటూ తిప్పుతున్నాను.

"నమలతాండాది చూడండప్పా!"

"సంగటిని నములుతారా ఎవరన్నా?"

"నమలగాకమ్మా! మింగల్ల, మింగల్ల!"

ఇప్పుడు ఇరవై మంది ఉన్నారు. ఒకాయన ముందు బిండిలో అద్దాలంటాడు. కాదు, నడిమధ్య గుంతచేసి నెయ్యి పోసుకోవాలంటాడు ఇంకొకాయన. నాలుక మీద ఆగకుండా జార్చాలంటుంది ఒక ముసలమ్మ. వాళ్లలో వాళ్లకే తగువు. పన్ను సర్దుకుని, నోరు ఖాళీ చేసుకుని, నేను కేకలేశాను. "వినోదం చూస్తారేం? అంత తెలిసినవాళ్లు ఒక్కరైనా తిని చూపించకూడదా?"

ఎవరూ కదల్లేదు. తిని చూపించడమంటే తిన్నట్టే కదా.

నేను పట్టుదలగా రెండో ముక్క తుంచాను. మళ్లీ నమిలాను. అలవాటైన నోరు, ఏం చేయను?

"థూ, అట్ల గాదమ్మా!" పద్మావతమ్మ విసనకర్ర పారేసి వచ్చింది. పట్టుచీర కొంగు బొడ్లో దోపింది. గాజులు పైకి లాక్కుంది. నా రెండో ముద్దలోంచి నిమ్మకాయంత తీసి, వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి, ఊరిబిండిలో అద్ది నోట్లో వేసుకుంది. గొంతు ఒక్కసారి కదిలింది, అంతే. "ఇట్ల. చూసినావా? ఇట్ల మింగల్ల."

ఇంకోసారి చూపించింది. నాకు అర్థమైంది. మూడోసారి చూపించింది. అప్పటికి నన్ను చూడటం కూడా మానేసింది. నాలుగోసారికి బల్ల దగ్గర నా పక్కన కూర్చుంది.

"ఏం పద్మక్కా, పదేండ్లాయె మానేసి అంటివే?" అంది సుంకమ్మ తెడ్డు పట్టుకుని.

"నేను మానుకున్యా. నోరు మానుకోలేదే! బిండి ఇంకొంచెం వెయ్యి."

గుంపు గుంపంతా ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో పాటే సిగ్గు కూడా ఎటో పోయింది. ఇందాక నాలుక మీద ఆగకుండా జార్చమన్న ముసలమ్మ, "నాకొకటి పెట్టు బిడ్డా," అంటూ ఎదురుగా కూలబడింది. వేదిక మీద మాట్లాడిన ఖద్దరు పెద్దాయన వెంట మనుషులతో అటు పోతూ ఆగాడు. ముద్దల వైపు చూశాడు, మనుషుల వైపు చూశాడు. "నాకూ ఒక ముద్ద పెట్టమ్మా. చిన్నది మాత్రం పెట్టగాకు," అన్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్లు ఇంక నిలబడి చూస్తారా?

నా రెండో ముద్ద మొత్తం పద్మావతమ్మ కడుపులోకే వెళ్లింది. నా పరువు ఆమె దక్కించింది, ఆమె గోబీని నేను పోగొట్టాను. ఎండ వాలే లోపు గుండిగ అడుగు గీకే చప్పుడు వినబడింది. సుంకమ్మ మళ్లీ పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఆ పొడుగు తెడ్డు రెండు చేతులతో పట్టుకుని తిప్పుతూ, ఎవరితోనో మాట్లాడుతూ, మధ్యలో నన్ను చూసి తల ఊపింది. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

మిగిలిన రెండు రోజులూ నేను లాడ్జిలో నిద్రకు, గుడారంలో సంగటికి తిరిగాను. మూడో రోజు సాయంత్రం మైకులో క్యాంటీను గది సంగటి అంగడికని చెప్పారు. పద్మావతమ్మ వేదికెక్కి దండ వేయించుకుంది. సుంకమ్మ గుండిగలు కడుగుతూ ఉండిపోయింది. "దండతో నాకేం పనిలే అక్కా, బెంగుళూరు తప్పె," అంది. తర్వాత తడి చేతులతోనే నా చెయ్యి పట్టుకుంది. "రేపు మా ఇంటికి రావల్ల. రాకుంటే నా మీద ఒట్టు."

బత్తలపల్లె

ఒట్టు పెట్టకపోయినా వెళ్లేదాన్నే. అంగట్లో సంగటే అట్లా ఉంటే ఇంట్లో సంగటి ఎట్లా ఉంటుందో! పొద్దున టిఫిను కూడా మానేశాను. బత్తలపల్లెలో బస్సు దిగితే సుంకమ్మ భర్త సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంచీ సైకిలు మీద పెట్టి, నా పక్కనే నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. మాట తక్కువ మనిషి. దారిలో ఒకే మాట అన్నాడు. "బెంగుళూరు మేస్త్రీకి రామని చెప్పి పంపిస్తి."

ఇల్లు చిన్నది, అలికి ముగ్గేసి ఉంది. కాళ్లకు నీళ్లిచ్చింది సుంకమ్మ. పీట వేసింది. అరిటాకు పరిచింది. ఆకు ఎక్కడి నుంచి తెప్పించిందో గానీ ఆ చుట్టుపక్కల ఒక్క అరటిచెట్టు నాకు కనబడలేదు. ఊరిబిండి ఏదా అని నా కళ్లు వెతుకుతున్నాయి.

ఆమె గిన్నె తెచ్చి మూత తీసి, నా ఆకులో వడ్డించింది. మల్లెపూవులాంటి తెల్లటి సన్నబియ్యం అన్నం.

నేను ఆగలేకపోయాను. "ఏమే సుంకమ్మా! లోకమంతటికీ సంగటి తినిపించావు, నాకు అన్నం పెడతావా? మూడు రోజులు సిగ్గెందుకు సిగ్గెందుకని జనాన్ని తిట్టింది నువ్వే కదా!"

"అది అంగడక్కా. ఇది ఇల్లు," అంది సుంకమ్మ. "నువ్వు మా ఇంటికొచ్చిన చుట్టానివి. చుట్టానికి సంగటి పెడితే మా ఆయన నన్ను ఉంచుతాడా? తిను ముందు."

గొంతు ఇంకా పెంచబోయాను. అంతలో వాకిట్లోంచి పక్కింటావిడ తొంగిచూసింది. "సుంకక్కా, బియ్యం చాలినాయా? ఇంగో సేరు తెచ్చేదా?"

సుంకమ్మ ఆమెకు కళ్లతో సైగ చేసింది. నేను చూడనట్టు పప్పు కలుపుకున్నాను. ఈశ్వరమ్మ నాయన ఊరంతా తిరిగి అడుక్కొచ్చిన బియ్యం ఇప్పుడు నా ఆకులో ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తింటున్నదే అన్నం. చేతికి మెతుకు అంటితే దులుపుకునేదాన్ని. ఆ రోజు ఒక్క మెతుకు ఆకులో వదల్లేదు. అడిగి మారు పెట్టించుకున్నాను. సుంకమ్మ మొహం చూడాలి అప్పుడు!

బస్సు దాకా ఇద్దరూ వచ్చారు. బస్సు కదిలే ముందు సుంకమ్మ కిటికీలోంచి ఒక తెల్లగుడ్డ మూట నా ఒళ్లో పెట్టింది. వేడిగా ఉంది. వెల్లుల్లి, వేరుశనగ, చింతపండు కలిసిన వాసన.

"బస్సు ఊరు దాటినాంక తిను," అంది. "ఊరు దాటితే నువ్వు మా చుట్టం గాదు. మాదానివే."

బస్సు ఊరు దాటేదాకా ఆగాను. మూట విప్పితే రెండు ముద్దలున్నాయి. పక్కసీటామె ఆశగా చూస్తుంటే ఒకటి ఆమె చేతిలో పెట్టాను. రెండోది నేను తిన్నాను. ఒక్కసారి కూడా నమల్లేదు.